వేట ముగిశాక తొలి గంట: మ్యాట్ రైఫిల్‌ను తుప్పు నుంచి కాపాడుకోవడం

మ్యాట్ ఫినిష్ రైఫిల్ అమ్మేవాళ్లు దాని గురించి రెండు మంచి మాటలు చెబుతారు. ఎండ పడినా మెరవదు, జింక బెదరదు. చెట్టుకో రాయికో రాసుకున్నా గీత అంతగా కనపడదు. రెండూ నిజమే. కొనేవాళ్లకు తెలియాల్సిన మూడో మాట కూడా ఒకటుంది. అద్దంలా మెరిసే రైఫిల్ కంటే ఈ నల్లటి గరుకు రైఫిల్‌కే తుప్పు తొందరగా పడుతుంది. మొరటుగా, దేన్నైనా తట్టుకునేలా కనిపిస్తుంది కాబట్టి దాని సంగతి మనం పెద్దగా పట్టించుకోం. సీజన్ అయ్యాక కేసులో పెట్టి మూలన నిలబెడతాం. మళ్లీ నవంబరులో జిప్పు తీసేసరికి బారెల్ మీద ఎర్రటి పొడి కనిపిస్తుంది.

అమెరికాలో ఉంటూ, అక్కడి చట్టం ప్రకారం లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళ్లే తెలుగువాళ్లకు ఈ పని ఇంట్లో నేర్పే పెద్దలు ఉండరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో వేట దాదాపు నిలిచిపోయింది. దాంతోపాటు రైఫిల్‌ను సాకే విద్య కూడా చాలా కుటుంబాల్లో ఆగిపోయింది. అందుకే ఈ అధ్యాయంలో ప్రతి మెట్టూ విడమరిచి చెబుతాను. అంతా ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతుంది. ముందు ఉప్పు పోవాలి, తర్వాత తడి ఆరాలి, ఆపైనే నూనె పడాలి. ఈ వరుస తప్పకుండా, ఇల్లు చేరిన తొలి గంటలోనే ఇది జరగాలి. ఎంత ఖరీదైన నూనె కొన్నా ఈ వరుస తప్పితే ఫలితం దక్కదు.

గరుకుతనం వెనక సంగతి

బారెల్‌ను మ్యాట్‌గా చేయడానికి, రంగు ఎక్కించే ముందే దాని మీదికి సన్నటి గాజు పూసల్నో గరుకు పొడినో గాలి ఒత్తిడితో చిమ్ముతారు. ఆ దెబ్బలకు ఉక్కు మీద కంటికి ఆనని గుంటలు లెక్కలేనన్ని పడతాయి. వెలుగు వాటిమీద పడి నలుదిక్కులా చెదిరిపోతుంది కాబట్టి మెరుపు ఉండదు. అవే గుంటల్లో తడి దాక్కుంటుంది, చెమటలోని ఉప్పు దిగబడుతుంది, గుడ్డ పీచు ఇరుక్కుంటుంది. నాపరాళ్ల గచ్చు మీద ఒలికిన నీళ్లు ఒక్క తుడుపుతో పోతాయి, మట్టి అరుగు మీద ఒలికినవి ఇంకిపోతాయి. మెరిసే బారెల్‌కూ మ్యాట్ బారెల్‌కూ ఉన్న తేడా ఇదే.

ఇక ఆ నల్లరంగు. దాన్ని బ్లూయింగ్ అంటారు. కాస్టిక్ సోడా, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణాన్ని 140 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, అందులో ఉక్కును ముంచితే పైపొర నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మారుతుంది. దాని పేరు మాగ్నటైట్. పెయింట్ లాగా పైన వేసిన పూత కాదది, ఇనుమే రూపం మార్చుకున్న పొర. మందం మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఆ పొర తనంతట తానుగా తుప్పును పెద్దగా అడ్డుకోలేదు. నూనెను పట్టి ఉంచడమే దాని అసలు ఉపయోగం. నూనె ఆరిపోయిన బ్లూయింగ్ అంటే దాదాపు వట్టి ఇనుమే అనుకోండి.

మీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోండి, జాగ్రత్తలు దాన్నిబట్టి మారతాయి.

మ్యాట్ బ్లూయింగ్: అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ అడిగేది ఇదే. ప్రతిసారీ నూనె కావాలి.

పార్కరైజింగ్: ఇది ఫాస్ఫేట్ పొర. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు మోసిన ఎం1 గరాండ్ రైఫిళ్ల మీద ఉన్నది ఇదే. పొర గరుకుగా, సందులు సందులుగా ఉండి నూనెను బాగా పీల్చుకుంటుంది. నూనె తాగి ఉన్నంతకాలం గట్టిగా కాపాడుతుంది, ఎండిపోతే తడిని కూడా అంతే ఇష్టంగా పీలుస్తుంది.

మ్యాట్ స్టెయిన్‌లెస్: దీనికి తుప్పు పట్టదని అనుకోవడం పెద్ద పొరపాటు. మన వంటింటి గిన్నెల ఉక్కులో క్రోమియం 18 శాతం దాకా ఉంటుంది. రైఫిల్ బారెళ్లకు ఎక్కువగా వాడే 416 రకంలో 12 నుంచి 14 శాతమే. పైగా గొట్టం తొలవడానికి సులువుగా ఉండాలని అందులో గంధకం కలుపుతారు. కాబట్టి ఆలస్యంగా తుప్పు పడుతుందే తప్ప అసలు పట్టకుండా ఉండదు.

సెరాకోట్: సిరామిక్ కలిసిన పలచని పూత. పైభాగానికి నాలుగింటిలోకీ ఇదే మెరుగైన రక్షణ. కానీ బారెల్ లోపలికి, చాంబర్‌కు, స్క్రూల మరలకు ఆ పూత ఉండదు. తుప్పు అక్కడి నుంచి మొదలవుతుంది.

ఊరినిబట్టి శత్రువు

టెక్సస్ గల్ఫ్ తీరంలో వేటాడేవాళ్లకు మొదటి శత్రువు చెమట. హ్యూస్టన్ చుట్టుపక్కల అడవి పందుల్ని ఏడాది పొడవునా వేటాడతారు కాబట్టి మండువేసవిలోనూ రైఫిల్ చేతిలో ఉంటుంది. చెమటలో ఉప్పు ఉంది. ఆ ఉప్పు గాలిలోని చెమ్మను లాక్కుని ఇనుము మీదే నిలిపి ఉంచుతుంది. తడి చేత్తో బోల్ట్ పట్టుకుని అలాగే వదిలేయండి. కొద్ది రోజుల్లో మీ వేలిముద్ర గీతలతో సహా ఎర్రగా తేలుతుంది. కొందరి చెమటకు ఈ గుణం మరీ ఎక్కువ. అలాంటివాళ్లు తమ సంగతి తెలుసుకుని, ప్రతిసారీ చేయి తగిలిన చోటల్లా తుడవాలి. జింకను కోసేటప్పుడు అంటిన నెత్తురూ అంతే, అందులోనూ ఉప్పు ఉంది. ఏసీ కారులో చల్లబడ్డ రైఫిల్‌ను ఉక్కపోతలోకి తీయగానే దాని మీద నీరు పడుతుందని కూడా అక్కడివాళ్లు మరిచిపోకూడదు.

మినెసోటా, మిషిగన్, విస్కాన్సిన్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల్లో శత్రువు ఇంటి లోపలే ఉంటుంది. నవంబరు సాయంత్రం సున్నాకు పది డిగ్రీలు దిగువన ఉన్న చలిలో రోజంతా తిరిగిన రైఫిల్‌ను వెచ్చటి గదిలోకి తెస్తారు. గదిలో 21 డిగ్రీల వేడి, 40 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఆ గాలిలో 7 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువైనా చెమరుస్తుంది. బల్ల మీద పెట్టిన నిమిషంలో బోల్ట్ తెల్లగా మారుతుంది, బారెల్ మీద బూజులాంటి మంచు కడుతుంది, కాసేపటికి అదంతా కరిగి నీళ్లై స్టాక్‌కూ బారెల్‌కూ మధ్య సందులోకి జారుతుంది. పైన తుడుస్తాం, లోపల ట్రిగ్గర్ దగ్గరా స్ప్రింగుల దగ్గరా నిలిచింది కనపడదు. వానచుక్క చూడని రైఫిళ్లకు కూడా తుప్పు పట్టేది ఇందుకే.

ఆగ్నేయ అలాస్కాలో అన్నీ కలిసి వస్తాయి. కెచికాన్‌లో ఏడాదికి సుమారు మూడున్నర మీటర్ల వాన కురుస్తుంది. సిట్కా నల్లతోక జింకల కోసం వేటగాళ్లు చిన్న పడవల్లో దీవులకు వెళ్తారు, పడవ ముందుభాగం నుంచి లేచే ఉప్పు తుంపర రైఫిల్ మీద పడుతుంది. ఆపైన వానలో కొండెక్కుతారు. అక్కడి మ్యాట్ బ్లూ బారెల్‌ను రాత్రి డేరాలో పట్టించుకోకుండా వదిలేస్తే తెల్లారేసరికి నారింజ రంగు కనిపిస్తుంది. బారెల్ మూతికి ఎలక్ట్రికల్ టేపు ఒక్క పొర అంటించడం అక్కడివాళ్ల అలవాటు. వాననీళ్లు గొట్టంలోకి దిగవు. కాల్చినప్పుడు గుండు ముందు తోసుకొచ్చే గాలే ఆ టేపును ఊడగొడుతుంది.

తొలి గంటలో చేయాల్సిన పని

మొదట రైఫిల్ ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ వెనక్కి లాగండి, చాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి మరీ నిర్ధారించుకోండి. తూటాలు మరో గదిలో పెట్టాకే గుడ్డ పట్టుకోవాలి.

1. చలిలోంచి వచ్చినవాళ్లు కేసును వెంటనే తెరవకండి. బయట చలిలో ఉండగానే మంచు దులిపి, తడి తుడిచి, కేసులో పెట్టి మూసేయాలి. చలిగాలిలో చెమ్మ తక్కువ కాబట్టి కేసులో చిక్కిన గాలి పొడిగానే ఉంటుంది. దాన్ని అలాగే ఇంట్లోకి తెచ్చి, లోపలి లోహం గది వేడికి వచ్చేదాకా కొన్ని గంటలు వదిలేయండి. తొలి గంట లెక్క మూత తీసినప్పటి నుంచి మొదలవుతుంది. మర్నాడు పొద్దున్నే మళ్లీ వేటకు వెళ్లాలంటే, వేడి చేయని గ్యారేజీలో తాళం వేసి ఉంచడమే మేలు. చల్లటి రైఫిల్ చల్లగానే ఉంటే చెమర్చదు.

2. ఉప్పు తీయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. చెమట మీద నూనె రాస్తే ఉప్పును నూనె కింద భద్రంగా దాచిపెట్టినట్టవుతుంది, కింద దాని పని అది చేసుకుపోతుంది. మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో చేయి తగిలిన భాగాలన్నీ తుడవండి. సముద్రపు తుంపర పడి ఉంటే రెండు మూడుసార్లు, ప్రతిసారీ శుభ్రమైన గుడ్డతో తుడవండి. తుప్పు భయంతో నీళ్లు తగలనివ్వని వాళ్లున్నారు. వెంటనే ఆరబెట్టే మంచినీళ్లతో ప్రమాదం లేదు, నిలిచిపోయే ఉప్పుతోనే ప్రమాదం.

3. ఆరబెట్టండి. మైక్రోఫైబర్ గుడ్డతో అద్దుతూ తీయండి. పాత నూలు బనియన్లు వద్దు, గరుకు పైపొర వాటి పీచును లాక్కుంటుంది, ఆ పీచు తడిని పట్టి ఉంచుతుంది. బాగా తడిసిన రోజున స్టాక్ స్క్రూలు విప్పి బారెల్‌ను వేరు చేయాల్సిందే. స్టాక్‌లో దాగిన అడుగుభాగం, స్కోప్ రింగుల కింద, బెల్టు తగిలించే కొక్కేల దగ్గర, ట్రిగ్గర్ గార్డు లోపల, బోల్ట్ లగ్గుల వెనక తడి దాక్కుంటుంది. హెయిర్ డ్రయ్యర్ గాలిని చేత్తో తాకితే వెచ్చగా అనిపించేంత వరకే తగిలించండి. పొయ్యి పక్కన, హీటర్ మీద పెట్టవద్దు. తిరిగి బిగించేటప్పుడు స్క్రూలను తయారీదారు చెప్పిన బిగువుకే తిప్పి, వేటకు వెళ్లే ముందు గురి సరిచూసుకోండి.

4. గొట్టం లోపల. క్లీనింగ్ రాడ్డుతో చాంబర్ వైపు నుంచి పొడి ప్యాచ్ గుడ్డలు, పొడిగా బయటికి వచ్చేదాకా నడపండి. తర్వాత ఒక్క చుక్క నూనె వేసిన ప్యాచ్ ఒకసారి.

5. అప్పుడు నూనె. లోహం ఇంకా గోరువెచ్చగా ఉండగానే పలచగా రాసి, పావుగంట వదలండి. గుంటల్లోకి దిగడానికి దానికి ఆ కాస్త సమయం కావాలి. తర్వాత పైన తేలిన మిగులును ఆరిన గుడ్డతో అద్ది తీయండి. గట్టిగా రుద్దితే గుంటల్లోది కూడా లాగేస్తారు.

ఏది రాయాలి, ఎంత రాయాలి

నూనెల విషయంలో చేయాల్సిన పనిని బట్టి సరుకు ఎంచుకోవాలి. డబ్ల్యూడీ-40 1953లో శాన్‌డియేగోలో పుట్టింది. నీటిని తోసేయడానికే దాన్ని తయారు చేశారు, అట్లాస్ క్షిపణి పైరేకును తుప్పు నుంచి కాపాడటానికి వాడారు. తడి రైఫిల్ సందుల్లోంచి నీళ్లు వెళ్లగొట్టడానికి అది బాగా పనికొస్తుంది. అయితే అది మిగిల్చే పొర చాలా పలచన, నెలల తరబడి కాపలా కాయలేదు. దానితో నీళ్లు తోసేసి, తుడిచి, తుప్పును నిలువరించే మందులు కలిసిన తుపాకీ నూనెను పైన రాయండి.

వంటింటి నూనెలు ఏవీ వద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీలకే పేరుకుంటుంది. నువ్వులనూనె గాలి తగిలి కొన్నాళ్లకు జిగురై, బోల్ట్ లోపల బంకలా పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె కదిలే భాగాలకు ఫరవాలేదు, తుప్పును ఆపే మందు మాత్రం అందులో ఉండదు.

బయటి లోహానికి మైనం ఇంకా మంచిది. రినైసెన్స్ వ్యాక్స్ అనే సూక్ష్మస్ఫటిక మైనాన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పురావస్తువుల కోసం రూపొందించారు. పాత ఆయుధాలను కాపాడటానికి మ్యూజియంలు దాన్ని వాడతాయి. నూనెలాగా చేతికి అంటుకుని పోదు, దుమ్ము పట్టదు, వానలో నీటిని జార్చేస్తుంది. మ్యాట్ మీద దాన్ని రాసే పద్ధతి వేరు. దట్టంగా పూస్తే గుంటల్లో ఎండి తెల్లటి చారలు తేలతాయి. లోహాన్ని గోరువెచ్చ చేసి, వేలితో పలచగా పూసి, ఆరాక మెత్తటి కుచ్చు బ్రష్‌తో దువ్వాలి. స్టాక్ కింద దాగే బారెల్ అడుగుభాగానికి సీజన్ ముందు ఒకసారి ఈ మైనం పట్టిస్తే ఏడాదంతా నిశ్చింత. కదిలే భాగాలకు మాత్రం మైనం పూయకండి.

ఎక్కువ నూనె కూడా చేటే. గొట్టంలో నూనె నిలిచి ఉంటే మొదటి గుండు గురి తప్పుతుంది, చాంబర్‌లో ఉంటే బోల్ట్ మీద అదనపు ఒత్తిడి పడుతుంది. కాల్చే ముందు రెంటినీ పొడి ప్యాచ్‌తో తుడవాలి. బోల్ట్ లోపల చిక్కటి నూనె ఉంటే గడ్డకట్టే చలిలో అది బిగుసుకుని ఫైరింగ్ పిన్ నెమ్మదిస్తుంది, తూటా పేలదు. నిలబెట్టి ఉంచిన రైఫిల్‌లో నూనె కిందికి జారి, ట్రిగ్గర్‌ను జిగురు చేసి, చెక్క స్టాక్‌ను మెత్తబరుస్తుంది. అందుకే నూనె పట్టించిన కొత్తలో బారెల్ మూతి కిందికి ఉండేలా పెట్టడం మంచిది.

దాచే చోటు

వేటకు తీసుకెళ్లే కేసు ప్రయాణానికే. లోపలి స్పాంజి తడిని పీల్చి నెలల తరబడి లోహానికి ఆనించి ఉంచుతుంది. తోలు తొడుగులు మరీ ప్రమాదం, తోలు పదును చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. రైఫిల్‌ను గాలి ఆడే గన్ సేఫ్‌లో, గోడలకు తగలకుండా, తాళం వేసి ఉంచండి.

గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు పట్టే వేగం ఒక్కసారిగా పెరుగుతుందని ఇంగ్లండ్‌లో డబ్ల్యూ. హెచ్. జె. వెర్నన్ 1930ల నాటికే ప్రయోగాల్లో తేల్చాడు. సేఫ్ లోపల 40 నుంచి 50 శాతం మధ్య ఉంచితే ఉక్కుకూ మేలు, చెక్క స్టాక్ కూడా పగలదు. అందుకు లోపల ఒక చిన్న తేమ మీటరు కావాలి. చవక మీటర్లు అబద్ధం చెబుతాయి, వాటిని ఇంట్లోనే పరీక్షించవచ్చు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేలా కొన్ని చుక్కల నీళ్లు కలపండి. మూతనూ మీటరునూ జిప్ కవర్లో పెట్టి ఒక రాత్రి వదలండి. లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే, ఇకపై అది చూపే అంకెకు 5 కలుపుకోండి.

తేమ తగ్గించడానికి దారులు రెండు. ఒకటి, సేఫ్ అడుగున ఉంచే కరెంటు కడ్డీ. అది లోపలి గాలిని కాస్త వెచ్చగా ఉంచి చెమ్మ పట్టనివ్వదు. రెండోది, ఇనుప డబ్బాలో వచ్చే సిలికా జెల్. గింజలు నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారితే నీళ్లు తాగేశాయని అర్థం. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. చాలామంది డబ్బా పెట్టిన రోజుతోనే దాన్ని మరిచిపోతారు. రంగు చూసే అలవాటు లేకపోతే ఆ డబ్బా ఉన్నా లేనట్టే.

మరక కనిపిస్తే

కంగారుపడి గీకవద్దు. మెరిసే బారెల్‌కు చెప్పే సలహా, అంటే సన్నటి స్టీల్ ఉన్నితో రుద్దమనడం, మ్యాట్‌కు సరిపడదు. తుప్పుతోపాటు గరుకుతనమూ పోయి అక్కడ బిళ్లంత మెరుపు మరక శాశ్వతంగా మిగులుతుంది. నూనె దట్టంగా రాసి ఒక రోజు నాననివ్వండి. తర్వాత నైలాన్ టూత్‌బ్రష్‌తో గుండ్రంగా తోమి, గరుకు తువ్వాలుతో తుడవండి. గుడ్డకు ఎరుపు రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. మొండిగా నిలిచిన పొక్కును 1982కు ముందు నాటి అమెరికన్ పెన్నీ అంచుతో, నూనె మీద నెమ్మదిగా గీరవచ్చు. ఆ నాణేల్లో 95 శాతం రాగి. రాగి ఉక్కు కంటే మెత్తన కాబట్టి గాటు పడదు. అది వదిలే ఎర్రచారలు గొట్టంలోని రాగిమడ్డి తీసే ద్రావణంతో పోతాయి.

వెనిగర్, నిమ్మరసం, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందులు తగలనివ్వకండి. అవి తుప్పుతోపాటు బ్లూయింగ్‌నూ తినేస్తాయి. వేలి గోరుకు తగిలేంత గుంట పడ్డా, బారెల్ మూతి అంచున గానీ గొట్టం లోపల గానీ తుప్పు కనిపించినా గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి. గురి ఆధారపడేది ఆ భాగాల మీదే.

అలవాటుగా మారాలంటే

పని కష్టమైంది కాదు, అలసటే దాన్ని వాయిదా వేయిస్తుంది. తెల్లవారుజామున లేచి, కొండలెక్కి, జింకను మోసుకొచ్చిన మనిషికి భోజనం, పడక తప్ప మరేదీ కనపడదు. కాబట్టి నిర్ణయాన్ని ఆ రాత్రికి వదలకండి, వేటకు బయలుదేరే ముందే చేసేయండి. రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, చిన్న నూనె సీసా, ప్యాచ్‌లు, టూత్‌బ్రష్, మంచినీళ్ల సీసా ఒక సంచిలో సర్ది కారులో పెట్టుకోండి. మంచి వేటగాడు మొదట జంతువును, తర్వాత ఆయుధాన్ని, ఆ తర్వాతే తనను చూసుకుంటాడు. జంతువు పట్ల గౌరవం కూడా ఇందులో ఉంది. గొట్టంలో తుప్పు ఉన్న రైఫిల్ గురి తప్పుతుంది, గురి తప్పిన దెబ్బకు జంతువు గాయంతో గంటల తరబడి బాధపడి చస్తుంది.

సీజన్‌లో ప్రతి వేటకూ తొలి గంట పని. సీజన్ ముగిశాక స్టాక్ విప్పి పూర్తి శుభ్రం, నూనె, బయట మైనం. మిగతా నెలల్లో నెలకోసారి సేఫ్ తెరిచి మీటరు అంకె, సిలికా రంగు చూసి, బారెల్‌ను ఒకసారి తుడవడం. వానాకాలంలో, ఉక్క రోజుల్లో పదిహేను రోజులకోసారి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. సరిగా చూసుకున్న ఉక్కు మనిషి ఆయుర్దాయాన్ని దాటి నిలుస్తుంది. మీ రైఫిల్‌ను చివరిసారి ఎప్పుడు తుడిచారో గుర్తు రాకపోతే, ఈ సాయంత్రమే దాన్ని బయటికి తీసి, ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, పని మొదలుపెట్టండి.